మూడోసారి పేస్ట్ చేసే ముందు: ఆర్‌లో కాపీ-పేస్టా, సొంత ఫంక్షనా, ప్యాకేజీనా?

ఒకే లెక్క పదే పదే చేయాల్సి వచ్చినప్పుడు, గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌తో పనిచేసేవాళ్ల ముందు మూడు దారులుంటాయి. పాత స్క్రిప్ట్‌లోంచి ఆ నాలుగు లైన్లూ ఎత్తుకొచ్చి, పేర్లు మార్చి నడిపించేయడం ఒకటి. ఆ లైన్లకు ఒక పేరు పెట్టి సొంత ఫంక్షన్‌గా రాసుకోవడం రెండోది. ఎవరో ఈపాటికే రాసిపెట్టిన ప్యాకేజీని వెతుక్కోవడం మూడోది. ఆర్ ప్యాకేజీల ఆన్‌లైన్ భాండాగారం క్రాన్‌లో 20,000కు పైగా ప్యాకేజీలున్నాయి కాబట్టి ఏ పనికైనా ఏదో ఒకటి దొరక్కపోదు.

నా మాట ముందే చెప్పేస్తాను. గణితాన్ని ప్యాకేజీకి వదిలేయడం మేలు. మన డేటాకున్న మెలికలు మాత్రం మన ఫంక్షన్‌లోనే ఉండాలి. కాపీ-పేస్ట్‌కూ చోటుంది గానీ, అది చాలా ఇరుకు చోటు.

ముందు దాని సంగతే చూద్దాం. కొత్త ఫైల్ చేతికొచ్చిన మొదటి గంటలో ఫంక్షన్లు రాస్తూ కూర్చోవడం దండగ. ఏ కాలమ్‌లో ఏముందో, ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో ఇంకా తెలియదు. అప్పుడు లైన్లు అటూ ఇటూ పేస్ట్ చేసి చూసుకోవడంలో తప్పేం లేదు. ఆ చూసుకోవడానికి రాసిందే ఫైనల్ రిపోర్ట్‌దాకా వెళ్లిపోయినప్పుడు చిక్కొస్తుంది. వరి, పత్తి, మొక్కజొన్న, కంది దిగుబడులను ఒకే స్కేల్‌లోకి తేవాలనుకోండి. ప్రతి కాలమ్‌లోంచి దాని సగటు తీసేసి, దాని ఎస్‌డీతో (స్టాండర్డ్ డీవియేషన్, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) భాగించాలి. అంటే ఒక్కో లైన్‌లో పంట పేరు మూడు నాలుగు చోట్ల వస్తుంది. వరి లైన్‌ను పేస్ట్ చేసి పత్తి అని మారుస్తూ, సగటు దగ్గర మాత్రం వరిని అలాగే వదిలేశారు. ఆర్ ఏమీ అనదు. రెండూ అంకెల కాలమ్‌లే, పొడవూ సమానమే. పత్తిలోంచి వరి సగటు తీసేసి, పద్ధతిగా ఒక జవాబు ఇచ్చేస్తుంది. "అన్నా, రన్ అవుతోంది కదా, ఇప్పుడెందుకు కెలకడం?" అని జూనియర్లు అడిగేది సరిగ్గా ఇలాంటి కోడ్ గురించే. ఎర్రర్ వస్తే అదృష్టం. రాకపోతేనే టెన్షన్ పడాలి.

అదే పనిని ఫంక్షన్‌గా రాస్తే కాలమ్‌కు లోపల ఒకటే పేరు, ఎక్స్. పిలిచేటప్పుడు పంట పేరు ఒక్కసారే రాస్తాం. తప్పు చేయడానికి ఇక చోటే తక్కువ. టైపింగ్ కలిసొస్తుందని ఫంక్షన్లను మెచ్చుకుంటారు గానీ, అసలు లాభం ఇదీ. నిజానికి ఈ ఒక్క పనికి ఆర్‌లోనే స్కేల్ అని రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. వెతక్కుండా రాయడం మొదలుపెట్టేస్తే ఇలా ఉన్నదాన్నే మళ్లీ రాసుకుంటాం.

ఇక ఆర్‌లో లేనిదాని దగ్గరికొద్దాం. మీన్ ఉంది, ఎస్‌డీ ఉంది, ఆ సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్‌కు మాత్రం నేరుగా ఫంక్షన్ లేదు. చాలామంది మొట్టమొదట రాసే సొంత ఫంక్షన్ అందుకే ఇదవుతుంది: ఎస్‌డీని పరిశీలనల సంఖ్యకు వర్గమూలంతో భాగించడం. ఒక్క లైన్. క్లాసులో ఇచ్చే డేటాతో చక్కగా పనిచేస్తుంది.

నిజం డేటాలో ఖాళీలుంటాయి. ఒక వాన గేజ్ నాలుగు రోజులు 4, 8, 12, 16 మిల్లీమీటర్లు చూపించి, ఐదో రోజు పనిచేయలేదనుకుందాం. ఆ గడిలో ఎన్‌ఏ, అంటే విలువ లేదనే గుర్తు, ఉంటుంది. ఎస్‌డీ అడిగితే ఆర్ ఎన్‌ఏ అంటుంది. ఖాళీలు తీసేయమని ఆప్షన్ ఇస్తే 5.16 వస్తుంది. బాగానే ఉంది. కానీ భాగించడానికి వాడిన లెంగ్త్ ఫంక్షన్ ఖాళీ గడిని కూడా లెక్కపెడుతుంది. అది 5 అంటుంది. నిజంగా కొలిచింది 4 రోజులే. 5తో చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 2.31, 4తో చేస్తే 2.58. కొలత తగ్గింది కాబట్టి అనిశ్చితి పెరగాలి. మన ఫంక్షన్ మాత్రం దాన్ని తగ్గించి చూపిస్తోంది! లెంగ్త్‌కు బదులు ఎన్‌ఏ కానివాటిని లెక్కపెట్టమని రాస్తే సరిపోతుంది.

సరిచేయడం ఎలాగన్నది తేలికే. ఎన్ని చోట్ల సరిచేయాలన్నదే ప్రశ్న. ఫంక్షన్‌లో అయితే ఒక్కచోట. కాపీ-పేస్ట్‌లో అయితే ఆ లైన్ ఎక్కడెక్కడ ఉందో ముందు వెతకాలి, ఒకటి తప్పించుకుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంకో సంగతి కూడా ఉంది. నెలలో సగం రోజులు గేజ్ పనిచేయకపోతే అసలు సగటు చెప్పొచ్చా? ఎన్ని ఖాళీలుంటే "చెప్పను" అనాలి? ఇది ఏ ప్యాకేజీ తేల్చే విషయం కాదు. ఆ గేజ్ గురించి తెలిసినవాళ్లు తేల్చి, ఫంక్షన్‌లో ఒక షరతుగా రాసిపెట్టాలి. ప్యాకేజీల్లో స్టాండర్డ్ ఎర్రర్ ఫంక్షన్లు దొరుకుతాయి. అయినా దీన్ని నేను సొంతంగా రాసుకోమనే చెబుతాను.

క్వాంటైల్స్‌ను సొంతంగా రాసే జోలికి మాత్రం పోకండి. ఆర్‌లోని క్వాంటైల్ ఫంక్షన్‌లో 9 పద్ధతులున్నాయి. మీరేమీ చెప్పకపోతే ఏడోది వాడుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్, మినీట్యాబ్ అనే గణాంక సాఫ్ట్‌వేర్లు వాడేది ఆరో పద్ధతి. "25 శాతం దగ్గరున్న విలువ" అన్న మామూలు మాటకు ఇన్ని అర్థాలున్నప్పుడు, మనం రాసుకునేది పదోది అవుతుంది, అంతే. రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ-టెస్ట్ కూడా అంతే. ఆర్ ఇచ్చేది మామూలుగా వెల్చ్ పద్ధతి, రెండు గ్రూపుల వేరియెన్స్, అంటే విలువల చెదురు, సమానమని అది అనుకోదు. పాఠ్యపుస్తకంలో చూసి రాస్తే ఆ జాగ్రత్త వదిలేసే ప్రమాదం ఎక్కువ.

మన హైదరాబాద్‌లో ఫార్మా, క్లినికల్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు బాగా తగిలే కేసు రౌండింగ్. ఒకరు శాస్ అనే ఇంకో గణాంక సాఫ్ట్‌వేర్‌లో, ఇంకొకరు ఆర్‌లో ఒకే టేబుల్ వేసి పోల్చి చూస్తారు. శాస్‌లో 2.5ను రౌండ్ చేస్తే 3. ఆర్‌లో 2. ఆర్ తప్పు చేయడం లేదు. సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్లే అంతర్జాతీయ ప్రమాణాన్ని పాటిస్తోంది, అందుకే 3.5 ఇస్తే 4 అంటుంది. కానీ టేబుల్స్ కలవవు, క్వాలిటీ చెక్‌లో ఆగిపోతుంది. దీనికి అందరికీ తట్టే సొంత ఫంక్షన్: 0.5 కలిపి, ఫ్లోర్ ఫంక్షన్‌తో కింది పూర్ణ సంఖ్యకు దించేయడం. 2.5 చక్కగా 3 అవుతుంది. మైనస్ 2.5 ఇచ్చి చూడండి. 0.5 కలిపితే మైనస్ 2, అక్కడే ఉండిపోతుంది. శాస్ మైనస్ 3 ఇస్తుంది. సరే, గుర్తును పక్కనపెట్టి చేసి చివర్లో తగిలిస్తాం అంటారా? అప్పుడు 1.005ను రెండు దశాంశాలకు రౌండ్ చేయండి. కంప్యూటర్‌లో 1.005 అనేది కచ్చితంగా 1.005 కాదు, వెంట్రుకవాసి తక్కువ. 1.01 రావాల్సింది 1 దగ్గరే ఆగిపోతుంది.

జానిటర్ ప్యాకేజీలో రౌండ్ హాఫ్ అప్ అని ఒక ఫంక్షన్ ఉంది. అది గుర్తునూ చూసుకుంటుంది, ఆ వెంట్రుకవాసి తేడాకు మందుగా అతి చిన్న సంఖ్యనూ కలుపుతుంది. రెండు లైన్ల పనికి ప్యాకేజీ ఎందుకని మనం అనుకునే చోటే ఇది సొంత ఫంక్షన్‌ను ఓడిస్తుంది. ఆ రెండు లైన్ల వెనక ఎంతమంది దెబ్బలు తిన్నారో!

శాస్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. అమీర్‌పేటలో శాస్ నేర్చుకుని ఆర్‌కు మారేవాళ్లు శాస్‌లోని మాక్రోనూ ఆర్ ఫంక్షన్‌నూ ఒకటే అనుకుంటారు. మాక్రో చేసేది అక్షరాలు అతికించడం. 2+3 అని ఇచ్చి లోపల దాన్ని 2తో గుణిస్తే, 2+3*2 అని అతికి 8 వస్తుంది. ఆర్ ఫంక్షన్‌కు వెళ్లేది విలువ. 5 వెళ్లి 10 వస్తుంది. ఆర్‌లో బ్రాకెట్ల భయం అక్కర్లేదు.

ఇక సొంత ఫంక్షన్‌కు ఎదురే లేని చోటు. తెలంగాణ జిల్లాల డేటాతో పనిచేసినవాళ్లకు ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. హైదరాబాద్ జిల్లా విడిపోలేదు, చుట్టూ ఉన్న రంగారెడ్డి మాత్రం విడిపోయి మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాద్ విడిగా వచ్చాయి. అంటే 2015 ఫైల్‌లో రంగారెడ్డి, 2018 ఫైల్‌లో రంగారెడ్డి ఒకటి కావు. పేరు మాత్రం ఒకటే. రెండు ఫైళ్లను జిల్లా పేరుతో కలిపేస్తే ఆర్ సంతోషంగా కలిపేస్తుంది. గ్రాఫ్‌లో జనాభా ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది.

వరంగల్ ఇంకా చిక్కు. 2016కు ముందు అది ఉమ్మడి జిల్లా. తర్వాత అది విడిపోయి, వచ్చిన జిల్లాల్లో రెండు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, ఆ మార్పులో కొన్ని మండలాలు ఇటునుంచి అటు మారాయి కూడా. కాబట్టి జిల్లా పేర్లు సరిచేసే ఫంక్షన్‌కు పేరు ఒక్కటే ఇస్తే చాలదు, ఏ ఏడాది డేటానో కూడా ఇవ్వాలి. అంటే రెండు ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు మనం అందించే విలువలు). ఏడాదికి డిఫాల్ట్ విలువ పెట్టకండి. ఇవ్వకపోతే ఫంక్షన్ ఆగి అడగాలి. డిఫాల్ట్ ఉంటే ఎవరో ఒకరు మర్చిపోతారు, ఫంక్షన్ నోరు మూసుకుని పాత డేటాకు కొత్త సరిహద్దులు అంటగడుతుంది.

స్పెల్లింగులు దీనికి అదనం. ఇంగ్లిష్ అక్షరాల్లో శేరిలింగంపల్లిని ఒకరు ఎస్‌తో, ఒకరు ఎస్‌హెచ్‌తో రాస్తారు. కుత్బుల్లాపూర్ క్యూతోనూ ఉంటుంది, కేతోనూ ఉంటుంది. వెనక ఒక స్పేస్ తగిలించేవాళ్లూ ఉంటారు. ఇందులో ఫంక్షన్ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు: స్పేస్‌లు తీసెయ్, చిన్న అక్షరాల్లోకి మార్చు, ఒక పట్టికలో వెతుకు, దొరకని పేరుంటే గట్టిగా అరిచి చెప్పు. ఆ చివరిదే ముఖ్యం. తెలియని పేరును దగ్గరి పేరుగా ఊహించే ఫంక్షన్ ఎంత తెలివైనదైతే అంత డేంజర్.

తేదీలూ ఇదే కోవలోకి వస్తాయి. మనం 05/04/2024 అని రాస్తే ఏప్రిల్ 5 అని అర్థం. దాన్ని ఫార్మాట్ చెప్పకుండా ఆర్‌లోని యాజ్ డేట్‌కు ఇస్తే, ముందున్న 05ను సంవత్సరం అనుకుని, 2024లో మొదటి రెండంకెలను రోజుగా తీసుకుని, క్రీ.శ. 5వ సంవత్సరం ఏప్రిల్ 20 అని చెబుతుంది. ఎర్రర్ ఉండదు. మన ఫైళ్ల ఫార్మాట్ తెలిసిన ఒక చిన్న ఫంక్షన్, దానికి తోడు ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం లెక్కగట్టే ఇంకొకటి రాసుకుంటే ఆఫీసులో సగం పని తేలికవుతుంది. 12,34,567 అని లక్షల్లో కామాలు పెట్టే ఫంక్షన్‌ను కూడా ఆ పక్కనే ఉంచుకోండి. ఆర్‌లోని ఫార్మాట్ కామాల మధ్య దూరం అంతటా ఒకటే ఉంచుతుంది, ముందు మూడు తర్వాత రెండు అనే మన పద్ధతి దానికి రాదు.

సొంత ఫంక్షన్‌కు ఒక రోగం ఉంది, అది చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. ఫంక్షన్ లోపల ఒక పేరు కనబడకపోతే ఆర్ అక్కడ ఆగదు, ఆ ఫంక్షన్ పుట్టిన చోట వెతుకుతుంది. ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను తయారుచేసినప్పుడు స్కీమ్ భాష నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇది. చాలా చోట్ల ఇది వరమే. కానీ లిమిట్ అనే విలువను ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడం మరిచిపోయినా, పొద్దున ఇంకేదో పనికి సెషన్‌లో లిమిట్ అని ఒకటి పెట్టి ఉంటే, ఫంక్షన్ దాన్నే తీసుకుని నడిచిపోతుంది. మీ దగ్గర ఒక జవాబు, పక్క సీట్లో మేడమ్ దగ్గర ఇంకో జవాబు. విరుగుడు ఒకటే: ఫంక్షన్‌కు కావాల్సినవన్నీ ఆర్గ్యుమెంట్లుగానే ఇవ్వాలి, పంపే ముందు ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియోను రీస్టార్ట్ చేసి ఖాళీ సెషన్‌లో మొత్తం నడిపి చూడాలి.

ప్యాకేజీలకు ఉన్న రోగం వేరు. అవి రిటైరవుతాయి. మ్యాపుల పని చేసేవాళ్లంతా ఏళ్ల తరబడి నమ్ముకున్న ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ మూడూ 2023 అక్టోబర్‌లో ఒకేసారి రిటైరయ్యాయి. వాటి జాగాలో ఎస్‌ఎఫ్, టెర్రా వచ్చాయి. పాత ఫంక్షన్‌ను స్క్రిప్టుల నిండా నేరుగా పిలిచినవాళ్లు ప్రతి లైనూ మార్చుకోవాల్సి వచ్చింది. "మ్యాప్ చదువు" అని ఒక సొంత ఫంక్షన్ రాసి, దాని లోపల మాత్రమే ప్యాకేజీని పిలిచినవాళ్లకు ఫైల్ చదివే పనిమటుకు ఒక్కచోట మారిస్తే సరిపోయింది. మొత్తం బాధ తప్పలేదులెండి. చదివాక వచ్చే వస్తువు రూపం కూడా మారింది కాబట్టి కింద కొంత సర్దుకోక తప్పలేదు. అయినా ప్యాకేజీ మీద సొంత తొడుగు వేసే ఈ పద్ధతే నాకు అన్నిటికంటే నచ్చుతుంది. లెక్క వాళ్లది, దాన్ని పిలిచే తీరు మనది.

రాసుకున్నవి ఎక్కడ పెట్టాలన్నది చివరి ప్రశ్న. ఒకటే ప్రాజెక్ట్ అయితే అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, స్క్రిప్ట్ మొదట్లో దాన్ని సోర్స్ చేసుకుంటే, అంటే లోడ్ చేసుకుంటే చాలు. రెండో ప్రాజెక్ట్ రాగానే ఆ ఫైల్‌ను అటు కాపీ చేస్తారు. మూడోదానికీ చేస్తారు. అప్పుడు జిల్లాల ఫంక్షన్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది, హనుమకొండ మార్పు ఒక్కదాంట్లోనే చేసి ఉంటుంది. ఆ దశలో సొంత ప్యాకేజీ చేసుకోవాలి. క్రాన్‌కు పంపనక్కర్లేదు, ఆఫీసు వరకే. యూజ్‌దిస్ ప్యాకేజీతో దాని చట్రం నిమిషాల్లో తయారవుతుంది. తర్వాత ఒక్కో ఫంక్షన్‌కు ఒక పరీక్ష రాయండి, మొదటి పరీక్షగా ఆ వాన గేజ్ ఐదు విలువలూ ఇచ్చి 2.58 వస్తోందో లేదో చూడండి.