గంటన్నర విమాన ప్రయాణానికి ఏ సీటు మేలు?

విమానంలో ఏ సీటు మంచిదన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సలహాలు ఎనిమిది, పది గంటలు సాగే ప్రయాణాలను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. అక్కడ నిద్ర పట్టడం, కాళ్లు చాపుకోవడం, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయడం ముఖ్యం. గంట నుంచి రెండు గంటల్లో ముగిసే ప్రయాణంలో ఆ లెక్క మారిపోతుంది. గాలిలో గడిపే సమయమే తక్కువ కాబట్టి, ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయానికి విలువ పెరుగుతుంది. నిండుగా ఉన్న విమానంలో ముందు తలుపు ఒక్కటే తెరిస్తే, చివరి వరుసలోని వారు బయటపడేసరికి పావుగంట పట్టడం అరుదు కాదు. అందువల్ల చిన్న ప్రయాణంలో సీటును హాయిని బట్టి కాక, దిగిన తర్వాత ఉన్న పనిని బట్టి ఎంచుకోవడమే సరైనదని నేను నమ్ముతాను.

ఆ దృష్టితో మొదట ముందు వరుసలనూ వెనక వరుసలనూ పోల్చాలి. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటి జెట్ విమానాల్లో ఇంజన్లు రెక్కల కింద ఉంటాయి కాబట్టి వాటికి ముందున్న వరుసల్లో శబ్దం తక్కువగా వినిపిస్తుంది. వెనక వరుసల్లో శబ్దంతో పాటు టాయిలెట్ కోసం నిలబడేవారి ఒత్తిడి, సిబ్బంది సామాను సర్దే చప్పుడు కూడా ఉంటాయి. చివరి వరుస సీట్లు చాలా విమానాల్లో వెనక్కి వాలవు. ఇంతవరకు చూస్తే ముందు వరుసే మేలనిపిస్తుంది. కానీ దానికి అదనపు రుసుము కట్టే ముందు, పెద్ద బ్యాగును చెక్-ఇన్‌లో ఇచ్చేస్తున్నామా, చేతిలోనే ఉంచుకుంటున్నామా అన్నది ఆలోచించాలి. బ్యాగు ఇచ్చేసినవారు రెండో వరుసలో కూర్చున్నా, ఇరవయ్యో వరుసలో కూర్చున్నా చివరికి ఒకే బెల్టు చుట్టూ నిలబడి ఎదురుచూడవలసిందే. వారికి ముందు వరుస వల్ల కలిసివచ్చే సమయం దాదాపు ఏమీ లేదు. చేతిలో బ్యాగుతో నేరుగా బయటికి నడిచేవారికీ, వెంటనే మరో విమానం అందుకోవలసినవారికీ, దిగగానే పాస్‌పోర్టు తనిఖీ వరుసలో నిలబడవలసినవారికీ మాత్రం అది నిజంగా పనికొస్తుంది.

విమానాన్ని టెర్మినల్‌కు దూరంగా నిలిపి రెండు తలుపులకూ మెట్లు పెట్టినప్పుడు వెనక వరుసల వారు కూడా ముందే దిగిపోతారు, మధ్య వరుసల వారే ఆగవలసి వస్తుంది. అయితే అక్కడి నుంచి బస్సు ఎక్కించినట్లయితే, ముందు దిగినవారు కూడా బస్సు నిండేదాకా నిలబడక తప్పదు. విమానం ఎక్కడ ఆగుతుందో సీటు ఎంచుకునేటప్పుడు తెలిసే వీలు లేదు కాబట్టి, దీని మీద ఆశ పెట్టుకుని వెనక వరుస తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇక కిటికీ పక్క సీటా, నడవ పక్క సీటా అన్నది అన్నిటికంటే ఎక్కువ మందిని తికమకపెట్టే విషయం. కిటికీ పక్కన కూర్చుంటే తల ఆనించుకోవడానికి గోడ ఉంటుంది, ఎవరికోసమూ లేవనక్కరలేదు. గంటన్నరలో మనం లేచే అవసరమూ సాధారణంగా రాదు. పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ విమానం నేలకు దగ్గరగా ఉంటుంది, చిన్న ప్రయాణంలో ఈ రెండు దశల వాటా ఎక్కువ. నదులూ పొలాలూ వీధులూ స్పష్టంగా కనిపించేది అప్పుడే గనుక, కిటికీ సీటు విలువ దూర ప్రయాణంలో కంటే ఇక్కడే ఎక్కువని చెప్పాలి. ఈ సంగతిని మనం తగినంతగా గుర్తించడం లేదన్నది నా బాధ. అయితే రెక్క పైనున్న వరుసల్లో కిందికి చూస్తే రెక్క తప్ప మరేదీ పెద్దగా కనబడదు. కిటికీల మధ్య దూరాన్ని విమానం తయారుచేసేవారు నిర్ణయిస్తారు, వరుసల మధ్య దూరాన్ని విమాన సంస్థ నిర్ణయిస్తుంది. ఈ రెండూ కలవకపోవడం వల్ల కొన్ని వరుసల్లో కిటికీ భుజం వెనకో మోకాలి ముందో పడుతుంది. బోయింగ్ 737లో రెక్కకు కాస్త ముందు, లోపల గాలి గొట్టాలు వెళ్లే చోట, కిటికీ ఉండవలసిన స్థలంలో ఖాళీ గోడే ఉంటుంది. ఎండ కూడా చూసుకోవాలి. ఉదయం ఉత్తరానికి సాగే విమానంలో కుడివైపు, సాయంత్రమైతే ఎడమవైపు ఎండ ముఖాన పడుతుంది.

నడవ పక్క సీటులో దిగడం సులువు, పై అరలోని బ్యాగు చేతికందుతుంది, ఒక కాలిని కాసేపు పక్కకు చాపుకోవచ్చు. ఆహారపు బండి మోచేతికో మోకాలికో తగలడం, లోపలి ఇద్దరూ లేచినప్పుడల్లా మనమూ లేవడం దీనికి చెల్లించే మూల్యం. ముందు వరుసలో నడవ పక్క సీటు దొరికితే దాని లాభం రెట్టింపవుతుంది. బాగా వెనకనున్న నడవ సీటులో ఆ లాభం చాలావరకు పోతుంది, లేచి నిలబడి ముందున్నవారి వీపులు చూస్తూ ఉండటమే మిగులుతుంది. మధ్య సీటును కోరి ఎంచుకోవలసిన కారణం, తోడు వచ్చినవారి పక్కన కూర్చోవడం తప్ప మరొకటి లేదు. అక్కడ కూర్చున్నవారికి రెండు వైపులా చేతులు ఆనించుకునే హక్కును పక్కవారు ఇవ్వాలి, అది కనీస మర్యాద.

కాళ్లకు చోటు విషయానికి వస్తే, వరుసకూ వరుసకూ మధ్య దూరం చాలా సంస్థల్లో 28 నుంచి 32 అంగుళాల దాకా ఉంటుంది. ఇది సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువు వరకు కొలిచే దూరం గనుక, ముందు సీటు వీపు పలచగా ఉంటే అదే కొలతలో మోకాళ్లకు ఎక్కువ చోటు దక్కుతుంది. వెడల్పులో ఏ320 కాస్త మెరుగు. దాని క్యాబిన్ లోపలి వెడల్పు సుమారు 3.70 మీటర్లు, 737ది సుమారు 3.54 మీటర్లు. వరుసకు ఆరుగురు కూర్చునే చోట ఈ తేడా సీటుకు దాదాపు ఒక అంగుళం దాకా వస్తుంది, భుజాలు వెడల్పైనవారికి అది తెలుస్తుంది.

అత్యవసర ద్వారం పక్క వరుసలో కాళ్లకు అన్నిటికంటే ఎక్కువ చోటు ఉంటుంది. రెక్క మీద రెండు జతల ద్వారాలున్న విమానాల్లో రెండు వరుసలకూ ఆ సౌకర్యం ఉంటుంది కానీ, వాటిలో ముందు వరుస సాధారణంగా వెనక్కి వాలదు. కాబట్టి రెండో వరుసే మేలు. అక్కడ కూర్చునేవారు అవసరమైతే తలుపు తెరవగలిగిన శక్తి, సిబ్బంది మాటను అర్థం చేసుకునే తెలివిడి ఉన్న పెద్దవారై ఉండాలి. పసిబిడ్డలతో ఉన్నవారికి ఇవ్వరు, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ బ్యాగు కాళ్ల దగ్గర ఉంచనివ్వరు. మొట్టమొదటి వరుసలోనూ బ్యాగు పైనే పెట్టాలి, ట్రే చేతి ఆనుడులో ఇమిడి ఉండటం వల్ల ఆ ఆనుడు పైకి లేవదు. పొడగరులకూ మోకాళ్ల నొప్పి ఉన్నవారికీ ద్వారం పక్క వరుసకు పెట్టే డబ్బు సార్థకమే. మిగిలినవారు గంటన్నర కోసం ఆ రుసుము కట్టడం నాకు వృథాగానే తోస్తుంది. కుదుపులంటే భయపడేవారు మాత్రం రెక్క దగ్గరి వరుసలే తీసుకోవాలి, తోక భాగంతో పోలిస్తే అక్కడ ఊగిసలాట తక్కువ.

బ్యాగు చేతిలో ఉన్నవారికి ముందు వరుసల్లో నడవ పక్క సీటు, బ్యాగు ఇచ్చేసినవారికి రెక్కకు ముందుగా ఎండ పడని వైపు కిటికీ సీటు అన్నదే నా తీర్పు. అయితే ఈ తీర్పు పంకాల ఇంజన్లున్న ఏటీఆర్ 72 విమానానికి వర్తించదు. అందులో నడవకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరే కూర్చుంటారు కాబట్టి మధ్య సీటు సమస్యే లేదు. సామాను గది ముందువైపు ఉంటుంది, ప్రయాణికులు ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు గుండానే. తిరిగే పంకాలు క్యాబిన్ ముందు భాగానికి సమీపంలో ఉండటం వల్ల అక్కడే మోత ఎక్కువ. ముందు వరుసకు అదనంగా చెల్లించినవారు అందులో మోతనూ భరించి, చివరగానూ దిగుతారు. టికెట్టు మీద విమానం రకం ఏటీఆర్ అని కనిపిస్తే వెనక నుంచి మూడో, నాలుగో వరుసను ఎంచుకోవడం మంచిది.