సీఆర్‌పీ పరీక్షా, జీన్ టెస్టా?

మా బాబాయికి స్టెంట్ వేశాక ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. తమ్ముడు విజయవాడ సూర్యారావుపేటకెళ్లి రెండు టెస్టుల రేట్ల కాగితాలు తెచ్చాడు. ఒకటి హైసెన్సిటివిటీ సీఆర్‌పీ అనే రక్తపరీక్ష, రెండోది పుట్టుకతో వచ్చే జన్యువుల్ని చూసే జీన్ టెస్ట్. "ఏది చేయించుకోమంటావు అన్నయ్యా?"

సీఆర్‌పీ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. ఒంట్లో ఇవాళ ఉన్న ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే లోపలి వాపును చూపిస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే గుండెజబ్బు రిస్క్ తక్కువ, 3 దాటితే ఎక్కువ. చిక్కేమిటంటే పంటి చిగురు వాచినా పెరుగుతుంది. తమ్ముడికి మొదట 12 వచ్చింది. పంటి డాక్టరు దగ్గరికెళ్లొచ్చి మూడు వారాలాగి చేయిస్తే 1.8!

జీన్లు అలా మారవు. కానీ అసలు తమాషా అక్కడే ఉంది. సీఆర్‌పీ జీన్‌లోని తేడాల వల్ల పుట్టినప్పటినుంచీ సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువేమీ రావడం లేదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అంటే సీఆర్‌పీ పొగే, నిప్పు కాదు; జబ్బుకు గుర్తే గానీ కారణం కాదు. నిప్పు ఇంకాస్త పైన, ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే ఐఎల్-1 బీటా, ఐఎల్-6 అనే ప్రోటీన్ల దగ్గర ఉంది. ఐఎల్-6 సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు రిస్క్ కొద్దిగా తక్కువని 2012లో తెలిసింది. 2017 నాటి కాంటోస్ అనే ట్రయల్‌లో ఐఎల్-1 బీటాను అడ్డుకునే కానకినుమాబ్ అనే మందు 150 మిల్లీగ్రాముల డోసుతో గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి.

పరిశోధనకు ఇవన్నీ బంగారమే. ఒక్క మనిషికి మాత్రం ఒక్కో జీన్ తెచ్చే తేడా చాలా చిన్నది. అందుకే నా ఓటు సీఆర్‌పీకే, అదీ కొలెస్ట్రాల్, బీపీ, షుగర్‌తో కలిపి. ఇంట్లో చిన్న వయసు నుంచే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) బాగా ఎక్కువుంటే మాత్రం జీన్ టెస్ట్ గురించి డాక్టర్ని అడగాలి. అది వేరే జీన్ల సంగతి.