గదమాయించాలా, నచ్చజెప్పాలా: ఏ పిల్లకి ఏది మేలు?

"పిల్లల్ని గదమాయిస్తారా, నచ్చజెబుతారా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా ఇంట్లో రెండూ నడిచాయి.

పెద్దదానికి తొమ్మిదేళ్లు, పుట్టు బెరుకు. గ్లాసు పగిలితే మనం తల తిప్పేలోపే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. చిన్నోడికి ఐదు. వాడి మీద అరవడం దున్నపోతు మీద వాన కురవడమే.

బెరుకు పిల్లల దగ్గర గదమాయింపు టక్కున పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే. గోడ మీద ఎందుకు గీయకూడదో మా అమ్మాయికి ఎక్కలేదు, నా అరుపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త గ్రాజినా కొహాన్‌స్కా 1997లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపిస్తుంది. బెరుకు పిల్లల్లో, తల్లులు మెత్తగా చెప్పినవాళ్లకే మంచిచెడ్డల పట్టింపు బాగా అబ్బింది. భయం తెలియని పిల్లల్లో మాత్రం కసిరినా, నచ్చజెప్పినా పెద్ద తేడా రాలేదు. తల్లీబిడ్డల మధ్య దగ్గరితనం ఎంత ఉందన్నదే తేల్చింది.

ఇది చదివాక చిన్నోడితో రోజూ సాయంత్రం బాల్కనీలో పావుగంట క్రికెట్ మొదలుపెట్టాను. అవుటైనా ఒప్పుకోడు, అది వేరే గొడవ. కానీ స్నానానికి పదో పిలుపుకి కదిలేవాడు ఇప్పుడు మూడో పిలుపుకే లేస్తున్నాడు.

కాబట్టి నా ఓటు నచ్చజెప్పడానికే. అయితే నచ్చజెప్పడం అంటే బెరుకు పిల్లని కొంగు చాటున దాచడం కాదు. హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ బృందం నాలుగు నెలల వయసు నుంచి కొందరు పిల్లల్ని గమనించింది. చీటికీమాటికీ బెదిరిపోయే పసివాళ్లలో, ప్రతి ఏడుపుకీ పరుగెత్తకుండా కాస్త హద్దులు పెట్టిన తల్లుల పిల్లలకే తర్వాత భయం తగ్గింది. నేను మా అమ్మాయిని కొత్తిమీర కట్ట కోసం ఒక్కదాన్నే కొట్టుకి పంపి, వీధి మలుపులో నిలబడ్డాను. మొదటిసారి ఉత్త చేతుల్తో వచ్చేసింది. నాలుగోసారి కట్ట తెచ్చింది, చిల్లర మర్చిపోయింది.

స్టిక్కర్లు, చాక్లెట్లు ఎవరికైనా వారం పనిచేస్తాయి, ఆ తర్వాత రేటు పెంచమంటారు.

"దండం దశగుణం భవేత్" అని మా నాన్న ఇంకా అంటూనే ఉంటారు. మనవరాలి ముందు మాత్రం గొంతు తగ్గించి అంటారు.