నీళ్ళ మీది మెరుపు తీసేసే ఫిల్టర్: ఆరేళ్ళ వాడకం తర్వాత

77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్, అంటే కెమెరా లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టర్. 2018 వసంతంలో 90 డాలర్లకి కొన్నాను. అప్పటి నుంచి నా 70-200 లెన్స్ (దూరాన్ని దగ్గరకి లాగేది) ముందు, లేదా చొక్కా జేబులో ఉంటోంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేవాటిలో చాలావరకు ఏ మంచి పోలరైజర్‌కైనా వర్తిస్తాయి, మిగిలినవి తిట్లు.

కొనడానికి కారణం మా పక్కింటాయన. రిటైరైన బడిపంతులు. అమెరికాలో సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద కొండలు దాటి, రెండు గంటలు కారు నడిపి, యాకిమా నదికి ఫ్లై ఫిషింగ్‌కి వెళ్తుంటారు. "ఎప్పుడూ కెమెరా వేసుకుని తిరుగుతుంటావు కదా, ఒకసారి రా" అన్నారు. ఎల్లెన్స్‌బర్గ్ ఊరు దాటాక కాన్యన్ (లోయ) రోడ్డు మొదలవుతుంది. రెండు పక్కలా నల్లటి బసాల్ట్ కొండలు, మధ్యలో నది, అవతలి ఒడ్డున గూడ్సు రైళ్ళు. మొదటి రోజు తీసిన నాలుగు వందల ఫోటోల్లో నీళ్ళన్నీ తెల్లగా, రేకు పరిచినట్టు వచ్చాయి. "అదిగో ఆ రాయి వెనకాల, రెండున్నాయి" అని ఆయన చూపిస్తుంటే నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. ఆయన కళ్ళజోడు తీసి ఇచ్చారు. పెట్టుకోగానే రాళ్ళు, నాచు, ప్రవాహానికి ఎదురుగా నిలబడి తోక ఆడిస్తున్న రెండు రెయిన్‌బో ట్రౌట్ చేపలు! అది పోలరైజ్డ్ కళ్ళజోడట. ఆ రాత్రే నెట్లో ఇరవై డాలర్ల ఫిల్టర్ ఒకటి ఆర్డర్ పెట్టాను. అది ప్రతి ఫోటోకీ పసుపు రాసింది. రెండు వారాల తర్వాత ఈ 90 డాలర్లది కొన్నాను. రంగు విషయంలో ఈ ఆరేళ్ళలో దీనికి వంక పెట్టలేను.

ఫ్లై ఫిషింగ్ చూడనివాళ్ళకి ఒక మాట. వానపాముని గుచ్చి గాలం వేసి కూర్చునే వ్యవహారం కాదిది. ఈకలతో, దారంతో కట్టిన దొంగ పురుగుకి బరువే ఉండదు, కాబట్టి విసిరేది ఎరని కాదు, తాడుని. కర్రని వెనక్కీ ముందుకీ ఊపి టక్కున ఆపితే, తాడు గాల్లో సన్నటి చుట్టలా విప్పుకుంటూ పోతుంది. నాకు కావలసిన ఫోటో ఆ చుట్టే. గోదావరి మీద విసురువల వేసేవాళ్ళని తీసినవాళ్ళకి ఇది తెలుసు. వల పూర్తిగా విచ్చుకునేది ఒక్క క్షణమే, ముందు నొక్కినా తర్వాత నొక్కినా అది వలలా ఉండదు.

ఇక ఫిల్టర్ సంగతి. పెట్టి తిప్పితే నీళ్ళ మీద మెరుపంతా మాయమవుతుందని అందరూ చెప్తారు. ఎంత దూరం వరకు మాయమవుతుందో ఎవరూ చెప్పరు. ఇది బాగా పనిచేయాలంటే చూపు నీటి మట్టానికి 37 డిగ్రీల కోణంలో పడాలి. ఒడ్డున మామూలుగా నిలబడితే, కాళ్ళ ముందు రెండు మీటర్ల చిల్లర దూరంలో ఉన్న నీటికి ఆ కోణం దొరుకుతుంది. అక్కడ అడుగున ఇసక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. మరి ఆయన నిలబడేది ఇరవై మీటర్ల అవతల. అక్కడికి చూపు దాదాపు నీటిని ఒరుసుకుంటూ పోతుంది. ఎంత తిప్పినా తేడా అంతంతమాత్రమే. మొదటి ఏడాదంతా ఫిల్టర్‌లోనే లోపం ఉందని తిట్టుకున్నాను. లోపం నేను నిలబడ్డ చోటులో ఉంది.

అందుకే ఎత్తు కావాలి. అమ్‌టానమ్ దగ్గర నది మీద కాలినడక వంతెన ఒకటుంది, వేలాడే వంతెన. దాని మీద నుంచి ఆయన్ని కిందికి చూస్తూ తీస్తే నడుము లోతు నీళ్ళలో బూట్ల దాకా కనపడతారు. ఈ ఫిల్టర్ నాకిచ్చిన మంచి ఫోటోల్లో ముప్పాతిక భాగం ఆ వంతెన మీదివే. ఎవరైనా నడిస్తే వంతెన ఊగుతుంది, వాళ్ళు దాటేదాకా ఆగాలి.

సెప్టెంబర్‌లో అయితే ఇంకా సుఖం. వేసవంతా కీచెలస్, కచెస్, క్లీ ఎలమ్ జలాశయాల నుంచి సాగుకి నీళ్ళు వదులుతారు, నది నిండుగా తోసుకొస్తుంది, దిగి నిలబడటం కష్టం. సెప్టెంబర్ మొదట్లో ఆ నీళ్ళు తగ్గించి, ఉపనది నాచెస్ వైపు జలాశయాల నుంచి వదలడం పెంచుతారు. సాల్మన్ చేపలు తగ్గిన నీళ్ళలోనే గుడ్లు పెడితే ఆ చోట్లు చలికాలంలో ఎండిపోవు, అందుకే ఈ ఏర్పాటు. అక్కడివాళ్ళు దీన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. మా కోనసీమలో కాలవలు కట్టేసినట్టు, వారం తిరిగేసరికి నది మోకాళ్ళ లోతుకి వచ్చేస్తుంది. లోతు తగ్గిన నీళ్ళలో ఫిల్టర్ చూపించే అడుగు వేరు.

అయితే సాయంత్రం నాలుగు తర్వాత నేను దీన్ని ఊడదీసేస్తాను. పొద్దు పడమటి కొండ వైపు దిగేసరికి ఆ కొండ మొహమంతా నీడ, నది మీద మాత్రం ఇంకా ఎండ. రోడ్డు వైపు ఒడ్డున నిలబడి అటు చూస్తే, నల్లటి రాయి ముందు తాడు వెలిగించిన తీగలా కనిపిస్తుంది, దాన్నుంచి రాలే చుక్కలు కూడా. చుక్క నిలబడాలంటే సెకనులో 1600వ వంతు షట్టర్ వేగం కావాలి. ఫిల్టర్ కొంత వెలుతురు మింగేస్తుంది కాబట్టి, అది లేకుండా 400 ఐఎస్ఓలో (కెమెరా వెలుతురు పట్టే సున్నితత్వం) అయ్యే పని, ఉంటే 1250 దాకా పోతుంది. పైగా ఎదురెండలో ఆ అదనపు గాజు వల్ల ఫోటోలో లేత మచ్చలు పడతాయి. కాటన్‌వుడ్ చెట్ల ఆకులు పండి పసుపుపచ్చ ప్రతిబింబాలు నీళ్ళలో పరిచే అక్టోబర్‌లోనూ అంతే. ఆ ప్రతిబింబాలే ఫోటో. ఫిల్టర్ తిప్పామా, వాటిని తుడిచేసి కింద బురద చూపిస్తుంది. నా గోడ మీదున్న మూడు ఫోటోల్లో రెండు ఫిల్టర్ లేనివే. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని ఎప్పుడూ బిగించి ఉంచేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. రెండేళ్ళు నేనూ అదే చేశాను.

బాధలు చెప్తాను. చలి ఉదయాల్లో లెన్స్‌కి బిగుసుకుపోతుంది. తడి వేళ్ళతో గట్టిగా పట్టుకునేకొద్దీ రింగు ఇంకా బిగుస్తుంది. బ్రోకలీ కట్టకి వచ్చే వెడల్పు రబ్బరు బ్యాండు చుట్టి, అన్ని వైపులా సమానంగా పట్టుకుని మెల్లగా తిప్పితే వస్తుంది. నా కెమెరా బ్యాగులో ఎప్పుడూ రెండు ఉంటాయి. తిరిగే రింగులో ఇసక చేరితే కరకరమంటుంది. లెన్స్ హుడ్ (ఎండ పడకుండా లెన్స్ ముందు పెట్టే తొడుగు) పెడితే ఫిల్టర్ తిప్పడానికి వేలు దూరదు. ఇంకోటి. ఒకరోజు కెమెరా నిలువుగా తిప్పగానే స్క్రీన్ నల్లబడింది. పాడైపోయిందని టెన్షన్ పడ్డాను, బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాను. తీరా చూస్తే నా కళ్ళకున్నదీ పోలరైజ్డ్ జోడే, స్క్రీన్ అడ్డం తిరిగితే దాని వెలుతుర్ని ఆపేస్తుంది.

ఐదో ఏడు అంచున చంద్రవంకలా తెల్లటి మరక వచ్చింది. రెండు గాజుల మధ్య అతికించిన పొరలోకి తేమ దిగిందన్నమాట. కంపెనీకి రాస్తే తడి వల్ల పాడైనదానికి వారంటీ ఉండదన్నారు. నీళ్ళ ఫోటోల కోసమని పెట్టె మీద ఏటి బొమ్మ వేసి అమ్మింది వాళ్ళే. ఎండలో కారులో వదిలేసిన నా తప్పూ కొంత ఉందనుకోండి.

చేపతో ఫోటో గురించి ఎక్కువ రాయను. ఆ భాగంలో ట్రౌట్‌ని పట్టి వదిలేయాలన్నది రూలు, గాలానికి వెనక్కి తిరిగిన ముల్లు కూడా ఉండకూడదు. చెయ్యి తడుపుకుని, చేపని ఇలా పైకెత్తి, దాని ఒంటి నీళ్ళు కారుతుండగానే మళ్ళీ దించేస్తారాయన. నా చేతికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఫిల్టర్ సర్దుకునే టైమ్ ఉండదు, ముందే తిప్పి పెట్టుకోవాలి. ఈ ఫోటోలు అమలాపురంలో మా నాన్నకి పంపిస్తే, "అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, పట్టిన చేపని వదిలేస్తాడేంట్రా ఆ పెద్దాయన?" అన్నారు. పులస సీజన్లో మా నాన్నకి ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

మళ్ళీ కొంటానా అంటే, గత నెలే కొన్నాను, అదే మోడల్. మరక పడ్డ పాతది పారేయబోతే పక్కింటాయన అడిగి తీసుకున్నారు. కళ్ళజోడు మర్చిపోయిన రోజు దాన్నే కంటికి అడ్డం పెట్టుకుని తిప్పుతూ చేపల్ని వెతుకుతున్నారు. మొదటిసారి తిరగేసి పట్టుకుని "ఏమీ కనపడట్లేదే" అన్నారు. లెన్స్‌కి బిగించే మర ఉన్న వైపు కంటి దగ్గర ఉండాలి.