పర్లాకిమిడి నుంచి సైకిల్ దారులు: వంశధార లోయా, మహేంద్రగిరి కొండలా?

ఒడిశాలోని పర్లాకిమిడి పక్కనున్న మా పల్లె నుంచి మోటారు బండ్ల రొదకు దూరంగా సైకిల్ మీద తిరగదలచినవారికి రెండు దిక్కులున్నాయి: పడమట కాశీనగరం మీదుగా గుణుపురం వైపు సాగే వంశధార లోయ ఒకటి, ఈశాన్యాన మహేంద్రగిరి వైపు ఎక్కే కొండదారి రెండవది.

లోయ చాలావరకు చదునైనది కనుక గేర్లు లేని పాత సైకిలైనా సరిపోతుంది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి సంస్థానం వారు వేయించిన చిన్న రైలుమార్గం, తరువాత గుణుపురం దాకా పెరిగి ఇప్పుడు బ్రాడ్‌గేజీగా మారినది, ఈ లోయ గుండానే పోతుంది కాబట్టి దారి తప్పే భయం తక్కువ. పెద్ద రోడ్డు విడిచి పొలాల బండిబాటలు పట్టాలి. అయితే వరి ఊడ్పుల కాలంలో అవి బురదమయమై చక్రం కదలనివ్వవు. కోతలయ్యాక వెళ్లడమే మేలు.

కొండదారి సంగతి వేరు. మహేంద్రగిరి శిఖరం ఎత్తు సుమారు 1,500 మీటర్లు. అంత ఎత్తుకు పోకపోయినా, పాదంలోని గ్రామాల మధ్య ఎక్కుదిగుళ్లే కాళ్లను పరీక్షిస్తాయి. దిగేటప్పుడు బ్రేకు ఒక్కపట్టున బిగించి ఉంచక, వదులుతూ పట్టుకోవాలి. దారిలో జీడితోటలు, సవర పల్లెలు కనిపిస్తాయి. (పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుదలతో నేర్చుకున్నది ఈ సవరల భాషనే.) దుకాణాలు అరుదు గనుక నీళ్లు, పంపు, పంక్చరు సామాను వెంట ఉండాలి.

పిల్లలతో అయితే లోయకే వెళ్తాను. ఒంటరిగా, శీతకాలపు తెల్లవారుజామున అయితే కొండకే.