అచ్చు పత్రికా, వెబ్ పత్రికా?

లాభాపేక్ష లేకుండా పర్యావరణం, సామాజిక న్యాయం మీద తెలుగు మాసపత్రిక పెట్టేవాళ్లకు మొదటి చిక్కు ఇదే.

ఖర్చు
అచ్చు: కాగితం, ప్రింటింగ్, పోస్టేజీ నెలనెలా తప్పవు. 16 పేజీల ఫారాల (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసే పేజీల) లెక్కన 48 పేజీలంటే మూడు ఫారాలు. రెండు పేజీలు మించితే ఇంకో ఫారం పడి బిల్లు పెరుగుతుంది.
వెబ్: డొమైన్, హోస్టింగ్. అంతే.
(రిపోర్టర్ బస్సు చార్జీలు రెండింటికీ ఒకటే!)

పని
అచ్చు: పత్రికల రిజిస్ట్రేషన్‌కు తెచ్చిన 2023 చట్టం కింద పేరు నమోదు. పోస్టల్ రాయితీకి వేరే అనుమతి.
వెబ్: ఆ తిరుగుడు లేదు. కానీ అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో) కంపోజ్ చేసిన మేటర్ సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలొస్తాయి, కన్వర్టర్‌లో వేసినా ఒత్తులు చెదురుతాయి. మొదట్నుంచీ ఫోన్లలో, సైట్లలో చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయించండి.

విదేశీ డబ్బు
అచ్చు: రిజిస్టరైన పత్రిక యజమాని, ఎడిటర్, ప్రచురణకర్త విదేశీ విరాళం తీసుకోకూడదు.
వెబ్: తప్పించుకున్నామనుకోవద్దు. వార్తల ఆడియో, వీడియోలు చేసే సంస్థలకూ అదే నిషేధం.
అమెరికాలో ఉంటున్నా భారత పౌరసత్వం వదులుకోనివాళ్ల సొంత డబ్బు విదేశీ విరాళం కాదు, వదులుకుంటే అవుతుంది. పాస్‌పోర్టు కాపీ తీసుకున్నాకే రసీదు రాయండి.

పరువునష్టం నోటీసు
వెబ్‌లో తప్పు వెంటనే దిద్దొచ్చు. పోస్టయిన సంచికను వెనక్కి తేలేం.

గ్రంథాలయాల్లో, సంఘాల ఆఫీసుల్లో చేతులు మారుతూ చదివే పాఠకులుంటే అచ్చే. గనుల ప్రజాభిప్రాయ సేకరణ లాంటివి వెంటాడాలంటే వెబ్: నోటీసుకు కనీస గడువు 30 రోజులే, మాసపత్రిక చేరేసరికి సభ అయిపోవచ్చు.