కాషియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్: ప్లస్ టూ లెక్కలు సరిచూసుకోవడానికి

బెంగళూరులో మారతహళ్లి వైపు పదకొండు, పన్నెండు చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ క్యాలిక్యులేటర్ గురించి ఒకటే సందేహం: సీబీఎస్‌ఈ పరీక్షకీ, జేఈఈకీ క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు కదా, కొనడం దండగేమో? దండగ కాదు. చేతితో చేసిన లెక్క ఒప్పో తప్పో అప్పటికప్పుడు తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

ఎక్స్ ఇంటూ ఈ (e) పవర్ ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేసి, జవాబు (ఎక్స్ + 1) ఇంటూ ఈ పవర్ ఎక్స్ అని రాశారనుకోండి. షిఫ్ట్ నొక్కి ఇంటిగ్రల్ బటన్ నొక్కితే డీ బై డీఎక్స్ వస్తుంది. ఆ జవాబును అందులో వేసి ఎక్స్ = 1.3 ఇస్తే 12.11 చూపిస్తుంది. ప్రశ్నలోని ఫంక్షన్ విలువ మాత్రం 4.77. బై పార్ట్స్‌లో మైనస్ ఎగిరిపోయిందన్నమాట. (ఎక్స్ − 1) పెట్టి చూడండి, రెండూ 4.77 దగ్గర కలుస్తాయి.

1.3 ఎందుకంటే, 0 లాంటి అంకెలు తప్పును దాచేస్తాయి. సైన్ 2ఎక్స్ = 2 సైన్ ఎక్స్ అన్న తప్పు సూత్రం కూడా 0 దగ్గర నిజమే! 37 డిగ్రీలు వేస్తే ఒకవైపు 0.961, రెండోవైపు 1.204. అయితే అంకెలు కలిసినంత మాత్రాన రుజువైనట్టు కాదు, స్టెప్పులు రాయాల్సిందే.

ఎక్కువమంది బోల్తా పడేది డిగ్రీ మోడ్‌లో. 0 నుంచి పై (π) వరకు సైన్ ఎక్స్ ఇంటిగ్రల్ 2 రావాలి. స్క్రీన్ పైన డి అని ఉంటే 0.086 వస్తుంది. షిఫ్ట్, మోడ్, 4 నొక్కి రేడియన్‌కి మార్చాకే క్యాలిక్యులస్ మొదలుపెట్టండి.

క్యూబిక్ సమీకరణానికి మోడ్, 5, 4 నొక్కాలి. లేని పదానికి 0 ఇవ్వడం మరవొద్దు: ఎక్స్ క్యూబ్ − 7ఎక్స్ + 6 అయితే 1, 0, −7, 6. మూలాలు 1, 2, −3.

సాల్వ్ బటన్‌ది న్యూటన్ పద్ధతి, అంటే మనమిచ్చిన అంకె నుంచి మొదలై మూలానికి దగ్గరవుతుంది, అందుకే ఒక్క మూలమే ఇస్తుంది. సైన్ ఎక్స్ = 1/2కి డిగ్రీల్లో 140 నుంచి మొదలుపెడితే 150 దగ్గర ఆగుతుంది. జనరల్ సొల్యూషన్ మనమే రాసుకోవాలి. సైన్ 75 డిగ్రీలను రూట్లతో చూపిస్తుంది కానీ సైన్ 18ని దశాంశంలోనే ఇస్తుంది. అక్కడ (రూట్ 5 − 1)/4 గుర్తుండాలి.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌లో కొంటే బిల్లు అడగండి. కొత్త మోడల్ 991సీడబ్ల్యూలో బటన్ల అమరిక వేరు, పైన చెప్పిన నంబర్లు దానికి పనికిరావు. డబ్బులిచ్చే ముందే కౌంటర్ దగ్గర సైన్ 75, ఆ క్యూబిక్ రెండూ వేసి చూడండి.